కప్పల పాపం

మా చెల్లెలి బిడ్డ కళ్ళలో తెల్లదనాన్ని మొదట చూసింది నేనే. చూసి ఊరుకోకుండా నోరు తెరిచి చెప్పాను. ఆ వేసవి చివర మొదలైన రచ్చ శ్రావణమాసం దాకా నా నెత్తిన నడిచిందంటే కారణం అదొక్కటే. చూడనివాళ్ళు అమాయకులయ్యారు, చూసీ చూడనట్టు ఊరుకున్నవాళ్ళు పెద్దమనుషులయ్యారు, చూశానని చెప్పిన నేను పాపిష్టిదాన్నయ్యాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు పెనుకొండలో మా ఇంట్లో మూడు వారాల బిడ్డకు పేరు పెడుతున్నారు. మల్లిక నాకు ఒక్కతే చెల్లెలు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికి ఇచ్చాం. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. ధర్మవరం నుంచి దాని మొగుడు మురళి, అత్త హనుమమ్మ, మామ తిమ్మప్ప, ఆడబిడ్డ ప్రేమలత వచ్చారు. నేను హిందూపురంలో గది తీసుకుని ఉంటాను. పొద్దున్నే రైలెక్కి బెంగుళూరులో ఒక ల్యాబుకు పోవడం, చీకటి పడ్డాక తిరిగి రావడం, ఇదీ నా బతుకు. ఆ రోజు సెలవు పెట్టి వచ్చాను.

మేనత్త కాబట్టి ప్రేమలతే బిడ్డ చెవిలో "హన్విక" అని పలికింది. ఫోనులో వెతికి వెతికి ఎంచిన పేరు. మా నాయన చిన్నప్పకు ఆ పేరు నోరు తిరగక "పాప అంటే సాలు లేమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి. ఉయ్యాల దగ్గర వెలుతురు చాలదని ఫ్లాష్ వేసి ఫోటోలు తీశారు. ప్రేమలత తాను తీసిన ఫోటో నా చేతికిచ్చి "ఎట్లుండాది నిర్మలక్కా?" అంది.

ఫ్లాష్ పడితే ఎవరి కంటిపాపైనా ఎర్రగా మెరుస్తుంది. ఫోటోలో మల్లిక కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. దాని ఒళ్ళోని బిడ్డ కళ్ళు మాత్రం రెండూ తెల్లగా, సున్నపు చుక్కలు పెట్టినట్టు ఉన్నాయి. బిడ్డను ఎత్తుకుని కిటికీ దగ్గరికి పోయాను. ఎండ ముఖాన పడినా ఆ కళ్ళు అటు తిరగలేదు. కంటిపాపల్లో బూడిదరంగు పొర స్పష్టంగా కనిపిస్తోంది.

"ఏమ్మే నిర్మలా, మంచిపూట ఆ సూపేంది? నీ కప్పల్ని సూసినట్ల సూస్తాండావు బిడ్డను," అంది హనుమమ్మ. మళ్ళీ నవ్వులు.

నా చదువు గురించి మా రెండిళ్ళలోనూ ఒకటే మాట: నిర్మల కప్పల కండ్లు పొడుస్తాది. నేను ఏ కన్నూ పొడవను. కప్పగుడ్డులో పిండం తయారయ్యేటప్పుడు కన్ను ఎలా పుడుతుందో చూస్తాను. గుడ్డు ఫలించిన రెండు మూడు రోజుల్లోనే లోపలి నుంచి మెదడు ఒక బుడగలా పొంగి తల చర్మాన్ని తాకుతుంది. తాకిన చోట చర్మంలో అప్పటిదాకా నిద్రపోతున్న జీన్లు మేలుకుంటాయి. ఒకటి లేచి ఇంకోదాన్ని లేపుతుంది, అది మరోదాన్ని. చివరికి ఆ చర్మం ముక్కే నీళ్ళంత తేటగా కటకమై కూర్చుంటుంది. ఏ జీను ఎక్కడ ఎప్పుడు మేలుకుంటుందో చూడటమే నా పని. మందు పెడితే జీను మేలుకున్న చోట సూదిమొనంత పిండంలో ఊదారంగు తేలుతుంది. వాటిలో ఒక్కటి దారి తప్పినా కటకం తెల్లబడుతుంది. కప్పలోనైనా మనిషిలోనైనా ఆ జీన్లు దాదాపు అవే.

అందుకే నాకు చూడగానే తెలిసింది. అందుకే భయం కూడా వేసింది. పుట్టిన కొత్తలో కంటికి వెలుగు అందాలి. అందితేనే మెదడు ఆ కంటితో చూడటం నేర్చుకుంటుంది. మొదటి రెండు మూడు నెలలు చీకట్లో గడిచిపోతే మెదడు ఆ కంటిని వదిలేస్తుంది. తర్వాత ఎంత గొప్ప డాక్టరు శుక్లం తీసినా ఆ కన్ను అలంకారానికే.

"అత్తా, పాపకు రెండు కండ్లలోనూ శుక్లాలుండాయి. ఈ వారంలోనే బెంగుళూరులో పెద్దాసుపత్రికి తీసుకపోదాం. చిన్న ఆపరేషన్ చేస్తే చూపొస్తాది," అన్నాను.

తిమ్మప్ప మామ తన సోడాబుడ్డి కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"శుక్లాలు ముసిలోల్లకు గదా వచ్చేది," అంది హనుమమ్మ.

"కొందరికి పుట్టుకతోనే వస్తాయత్తా."

"మా ఇంట్లో ఎవురికీ లేవు."

వాళ్ళ ఇంటి మాట నేను ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. కానీ ఆ క్షణాన నాకు తట్టలేదు. హనుమమ్మ మాత్రం ఎక్కడా ఆగలేదు.

"మల్లిక నీళ్ళోసుకున్నప్పట్నుంచి వారం వారం వచ్చి దాని కడుపు మీద చెయ్యేసింది ఎవురు? నువ్వే గదా? పొద్దుగాల కప్పల్ని కోసిన చేతుల్తోనే గదా? నోరులేని జీవాల కండ్లు తీస్తే ఊరికే పోతాదా? ఆ కప్పల పాపం ఈ బిడ్డ కండ్లలోకొచ్చింది."

ఎవరైనా ఒక్క మాట అడ్డు చెప్తారని చూశాను. మా అమ్మ నాగరత్నమ్మ తల తిప్పి నా చేతులకేసి చూసింది. నన్ను కన్నతల్లి, నా పరీక్ష ఫీజులకు కమ్మలు కుదువపెట్టిన మనిషి, నా చేతుల్ని అలా చూసింది. హనుమమ్మ మాటకన్నా ఆ చూపు నన్ను ఎక్కువగా కాల్చింది.

మా పక్క బాలింతను అయిదో నెల దాకా పుట్టింట్లోనే ఉంచుకుంటారు. హనుమమ్మ ఆ ఆచారాన్ని కూడా పక్కనపెట్టి, ఇంటిదేవునికి చూపించాలని చెప్పి, ఆ వారంలోనే తల్లినీ బిడ్డనూ ధర్మవరం తీసుకెళ్ళిపోయింది. నేను ఊళ్ళో లేని రోజు చూసి తీసుకెళ్ళింది. ఎందుకు పంపావని మా నాయనను ఫోనులోనే నిలదీశాను.

"ఆడబిడ్డను ఇచ్చినోల్లమమ్మా. గొంతెత్తితే ఎట్లా?" అన్నాడు.

"బిడ్డకు చూపు పోతే గొంతుండి ఏం చేసుకుంటావు నాయనా?" అని అరిచాను. రైల్లో పక్కనున్నవాళ్ళు నన్ను వింతగా చూశారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

ఆషాఢం వచ్చింది. వాన జాడ లేదు. మల్లిక ఫోను ఎత్తడం మానేసింది. ఒక ఆదివారం చెప్పకుండా ధర్మవరం బస్సెక్కాను. ఆ ఇంట్లో ముందుగదిలోనే గుంత మగ్గం. గుంతలో కాళ్ళు పెట్టుకుని మురళి నేస్తున్నాడు. వాకిట్లో తిమ్మప్ప మామ ముక్కుకు తగిలేంత దగ్గరగా పట్టుకుని పట్టునూలు కండెలకు చుడుతున్నాడు. నన్ను అడుగుల చప్పుడును బట్టి గుర్తుపట్టి "రామ్మా" అన్నాడు.

మల్లిక వెనక గదిలో ఉంది. తలుపు, కిటికీ మూసి ఉన్నాయి. చూపు నేర్చుకోవాల్సిన బిడ్డను చీకటి గదిలో పెట్టారు. బిడ్డ కళ్ళ చుట్టూ ఏదో ఆకుపసరు పచ్చగా ఎండిపోయి ఉంది. రెప్పలు వాచి ఎర్రబడ్డాయి. కిటికీ తలుపులు ధడాలున తెరిచాను.

"ఈ పసరెవరు పోసినారే?"

"అత్త ఎవురినో అడిగి తెచ్చింది. పొర కరుగుతాదంట."

"కరగదు మల్లికా! అది పైన పొర కాదు, కంటి లోపల ఉండాది. నీకు నేను చెప్పినా, డాక్టర్ల వీడియోలు పంపినా. నీ కాళ్ళు పట్టుకోవాలనా? పదా, ఇప్పుడే పోదాం."

మల్లిక బిడ్డను నా చేతుల్లోంచి లాక్కుంది. "నీకేమక్కా, అరిసి రైలెక్కి పోతావు. ఈడ బతకాల్సింది నేను," అంది. తర్వాత ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది. ప్రేమలతకు కదిరి సంబంధం కుదిరింది. శ్రావణంలో పెండ్లి. బిడ్డ కళ్ళకు కట్టు కడితే కదిరివాళ్ళు ఎందుకని అడుగుతారు, అడిగితే కూపీ లాగుతారు. అందుకని పెండ్లి అయ్యేదాకా బిడ్డను ఎవరికీ చూపించొద్దని, ఆపరేషన్ మాట ఎత్తొద్దని అత్త ఆనపెట్టింది.

దేవుడని, గాలి అని, పాపమని ఇన్నాళ్ళూ చెప్పిందంతా ఒక ఎత్తు. శుభలేఖల కోసం బిడ్డ కళ్ళను ఆపడం ఇంకో ఎత్తు.

గదిలోంచి వచ్చి మగ్గం గుంత గట్టున కూర్చున్నాను. మురళి నేత ఆపాడు. మంచివాడే. మంచితనం తప్ప ఇంకేమీ లేనివాడు.

"వదినా, నిజంగా మీ కప్పల వల్ల కాదా?" అని చిన్నగా అడిగాడు.

మగ్గం మీద జాకార్డు అట్టలు వేలాడుతున్నాయి. అంచు పువ్వు, కొంగు నెమలి, బుటా, అన్నీ ఆ అట్టల్లో పొడిచిన బొక్కలను బట్టే చీరలోకి దిగుతాయి. నేను వాటిని చూపించాను.

"మురళీ, మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఇట్లాంటి అట్టల కట్ట ఒకటుంటాది. అందరికీ ఒకే కట్ట. కానీ చర్మం కాడ కొన్ని అట్టలే ఆడతాయి, కంటి కాడ ఇంకొన్ని. నేను కప్పపిల్లలో చూసేది అదే, ఏ అట్ట ఎప్పుడు ఆడతాండాదని. కన్ను నేసే అట్టలో ఒక బొక్క తప్పుగా ఉంటే ఏమైతాది?"

అతను ఆలోచించాల్సిన పనే లేకపోయింది. "పువ్వు చెడిపోతాది. ఒక్క చీరలో కాదు వదినా. ఆ అట్ట మీద ఎన్ని నేస్తే అన్నిట్లోనూ..."

మాట మధ్యలో ఆపేశాడు. వాకిట్లో కండెలు చుడుతున్న తండ్రికేసి చూశాడు.

"నాయనకు చిన్నప్పుడు అమ్మవారు పోసి కండ్లు పోయినాయంటారు," అన్నాడు.

"మామ ముఖాన ఒక్క మచ్చైనా ఉండాదా? అమ్మవారు కండ్లలో మాత్రమే పోస్తాదా?"

మురళి మళ్ళీ తండ్రి ముఖంకేసి చూశాడు.

"నీకు మాపటేల బండి తోలేటప్పుడు ఎదురుగా లారీ లైట్లు పడితే ఎట్లుంటాది?"

"దావంతా తెల్లగా పగిలిపోతాది. అందరికీ అట్లే గదా?"

"అందరికీ కాదు మురళీ."

అతను చేతిలో పోగు విసిరే నాడెను పక్కన పెట్టి రెండు చేతులూ ఒళ్ళో వేసుకున్నాడు. ఆ ఇంట్లో నిజాన్ని అర్థం చేసుకున్న మొదటి మనిషి అతను. అర్థం చేసుకుని ఏం చేశాడు? "అమ్మను అడగాల," అన్నాడు. కన్నబిడ్డ చూపు పోతుంటే ముప్పయ్యేళ్ళ మగవాడు అమ్మను అడగాలట!

నేనే అడిగాను. హనుమమ్మ పెరట్లో బండ మీద గుడ్డలు ఉతుకుతోంది. మామ కళ్ళ సంగతి తెలిసిపోయిందని సూటిగా అనేశాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చేతిలో గుడ్డ పిండి పక్కన పెట్టింది.

"నాకు తెలీదనుకున్నావా?" అంది. "నన్ను ఈ ఇంటికిచ్చేటప్పుడు ఎవురన్నా సెప్పినారా? తాళి కట్టేదానికి ఆ యప్ప నా మెడ తడుముకుంటాంటే అమ్మవారు పోసిందన్నారు. నమ్మినా. మురళి కడుపున పడినాక గానీ మా అత్త నోరిప్పలా. మా మామకూ అట్లే ఉన్నిందంట."

"మరి అదే పని నువ్వు ప్రేమలతకు చేస్తాండావు గదత్తా."

"సేస్తాండా. నా బిడ్డకు ముందర పెండ్లి కానీ. ఆనక దేవుడుండాడు."

"దేవుడు సరే. ఈ బిడ్డకు అప్పటికి కన్నుండదు."

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత బేరం పెట్టింది. నేను జన్మలో మరిచిపోలేని బేరం అది.

"వచ్చే ఆదివారం కదిరోల్లు పెండ్లిచీరలకని ఈడికొస్తాండారు. వాల్ల ముందర బిడ్డకు ఇట్ల అయ్యింది నీ కప్పల పాపం వల్లనే అని నీ నోటితో నువ్వు సెప్పు. వానల్లేక వీధిలో కప్పతల్లిని తిప్పాలనుకుంటాండారు. కప్పను కట్టే రోకలి నువ్వు మొయ్యి. పాపం కడుక్కున్నట్టుంటాది. మా ఇంటి మీద మాట రాదు. మరుసనాడే బిడ్డను తీసుకపోయి ఏం సేయించుకుంటారో సేయించుకోండి. నేను అడ్డం రాను. మా యప్ప మాట మాత్రం ఎవురి కాడా ఎత్తకూడదు."

ఎనిమిదేళ్ళు చదివాను. ఆ చదువు నేర్పిన నిజాన్ని మింగేస్తే బిడ్డకు కళ్ళొస్తాయి, కక్కితే పోతాయి. ఇంతకన్నా వెక్కిరింత ఏముంటుంది? ఒప్పుకున్నాను. ఒప్పుకుని, గోడకు చెయ్యి గుద్దుకుని, ఆ నొప్పితో హిందూపురం తిరిగి వచ్చాను.

ఆదివారం కదిరి నుంచి పెండ్లికొడుకు నాగరాజు, వాళ్ళమ్మ, వాళ్ళవ్వ వచ్చారు. వీధిలో ఆడవాళ్ళు రోకలికి వేపమండలు చుట్టారు. కప్ప కావాలన్నారు. ఎవరికి దొరుకుతుంది ఆ ఎండల్లో? నేనే పోయి వీధికొళాయి కింద రాళ్ళు తీసి వెతికి పట్టుకొచ్చాను. "సూడండి, ఎట్ల పట్టిందో, అలవాటే గదా," అని ఎవరో అన్నారు. కప్ప చర్మం ఎండితే చచ్చిపోతుంది. అందుకని గుడ్డను బాగా తడిపి, వదులుగా మూటకట్టి, రోకలి నడుమన నేనే వేలాడదీశాను. ఒక కొన నా భుజాన, ఇంకో కొన పక్కింటామె భుజాన. ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి వాకిట్లోనూ కప్పతల్లి మీద బిందెడు నీళ్ళు కుమ్మరించారు. సగం కప్ప మీద, సగం నా మీద పడ్డాయి. పాటలు పాడారు. నేను పళ్ళు కొరుక్కుంటూ నడిచాను.

చివరికి హనుమమ్మ వాకిట్లో ఆగాం. ప్రేమలత గడపలో బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది. పెండ్లికొడుకు తల్లి బిడ్డ కళ్ళు చూసి ఉలిక్కిపడింది.

"అయ్యో, ఏమయింది తల్లీ బిడ్డకు?"

హనుమమ్మ నాకేసి చూసింది.

"నేను కప్పల మీద చదువుతాండానమ్మా," అన్నాను. "ఆ పాపమే తగిలింది."

"చదువుకున్నదానివి. నోరులేని జీవాలను అట్ల చేస్తారా?" అని ఆమె నన్ను మందలించింది. పాపం, ఆమె తప్పేమీ లేదు. ఆమె చెవిలో పడిన మాట నాదే. నేను తలవంచుకున్నాను. ఆ తలవంపును ప్రేమలత కళ్ళార్పకుండా చూసింది. కప్పను మళ్ళీ కొళాయి తడిలో వదిలేసి, తడిబట్టల్తోనే బస్సెక్కాను. ఆ సాయంత్రం వాన పడలేదు. పడి ఉంటే ఆ పుణ్యం మాత్రం నాదని ఎవరూ అనేవాళ్ళు కాదు.

హనుమమ్మ మాట నిలబెట్టుకుంది. మరుసటి రోజే మల్లిక, మురళి, నేను బిడ్డతో బెంగుళూరు ఆసుపత్రిలో ఉన్నాం. పిల్లల కంటి డాక్టరమ్మ చాలాసేపు పరీక్షించింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది. నేను నోరు బిగించుకుని మురళికేసి చూశాను. మాట ఇచ్చింది నేను. అతను ఇవ్వలేదు. అతను గోడకేసి చూస్తూ "ఎవురికీ లేదు మేడమ్," అన్నాడు. అతన్ని అక్కడే చెంప పగలగొట్టాలనిపించింది.

ముందు కుడికన్ను, వారానికి ఎడమకన్ను చేశారు. కుడికన్ను బాగానే ఉంటుందంది డాక్టరమ్మ. ఎడమకంటి శుక్లం మరీ దట్టం, ఆ కంట్లోకి ఇన్నాళ్ళూ వెలుగే పోలేదు. దానికి చూపు నేర్చుకునే కాలం దాటిపోయింది.

"ఒక నెల ముందు తెచ్చుంటే..." అంది ఆమె. తర్వాత మల్లిక ముఖం చూసి ఆపేసింది.

మా ల్యాబులో కప్పపిల్ల కంట్లోంచి కటకం తీసేస్తే కొన్నాళ్ళకు కంటిముందు పొరలోంచే ఇంకో కటకం పుట్టుకొస్తుంది. నిద్రపోయిన జీన్లు మళ్ళీ లేస్తాయి. మనిషి బిడ్డకు ఆ వరం లేదు. కటకం పోయిన కళ్ళకు కళ్ళద్దాలే గతి. తల చుట్టూ రబ్బరు పట్టీతో నిలిచే బుల్లి కళ్ళద్దాలు పెట్టారు. పెట్టిన కాసేపటికి హన్విక మల్లిక ముఖాన్ని చూసి కదలకుండా ఉండిపోయింది. మల్లిక ఇటు వంగితే ఇటు, అటు వంగితే అటు చూసింది. మురళి వరండాలోకి పోయి ఏడ్చాడు. మల్లిక నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు. ఎడమకన్నే నా కళ్ళముందు ఆడుతోంది.

ధర్మవరంలో మాత్రం కప్పతల్లి కరుణించి చూపిచ్చిందని చెప్పుకున్నారు. వీధిలో నా పేరు కప్పలామె అయిపోయింది.

శ్రావణంలో పెండ్లి. నేను పోకూడదనుకున్నాను, మల్లిక కోసం పోయాను. పీటల దగ్గరికి రావొద్దని మా అమ్మతోనే కబురు చెప్పించారు. హన్వికను కూడా పెండ్లికూతురి గదిలోనే ఉంచాలని హనుమమ్మ ఆజ్ఞ. భోజనాల బల్లల పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ముహూర్తానికి ఇంకా కాస్త టైముండగా ప్రేమలత నన్ను గదికి పిలిపించింది. జడ వేస్తున్నవాళ్ళను బయటికి పంపింది. మల్లిక బిడ్డతో మూలన కూర్చుని ఉంది.

"నిర్మలక్కా, నీవు ఆ పొద్దు రోకలి మోస్తాంటే నీ ముఖం చూసినా. పాపం చేసినోల్ల ముఖం కాదది. నిజం చెప్పు. నీ కప్పలా, మా నాయనా?"

మల్లిక "అక్కా, వొద్దు," అంది.

నేను మాటిచ్చింది ఆపరేషన్ కోసం. ఆపరేషన్ అయిపోయింది. మాట తప్పానని ఎవరైనా అంటే అననీ అనుకున్నాను. ఇంకో ఆడపిల్లను చీకట్లో అత్తారింటికి పంపే పాపం మాత్రం నాకొద్దు.

"మీ నాయన," అన్నాను. "మీ తాతకూ ఉన్నింది. మీ అన్నకూ కొద్దిగా ఉండాది. నీకు ఉండాదో లేదో పరీక్ష చేయించుకుంటే తెలుస్తాది. లేకపోతే నీ బిడ్డలకు భయం లేదు. ఉంటే రావచ్చు, రాకపోవచ్చు. ఏదైనా పుట్టిన పొద్దే టార్చి వేసి చూపించు. తొందరగా చూసుకుంటే రెండు కండ్లూ దక్కుతాయి."

ఆమె కాటుక చెరగకుండా కళ్ళ కింద వేళ్ళు ఒత్తుకుంది. బయట మేళం మారింది. పెండ్లికూతురి మేనమామ వచ్చి పిలిచాడు. ప్రేమలత లేచి, మల్లిక ఒళ్ళోని హన్వికను ఎత్తుకుని, అలాగే పీటల మీదికి నడిచింది. నేను వెనకాలే వెళ్ళి స్తంభం పక్కన నిలబడ్డాను.

హనుమమ్మ గాభరాగా ఎదురొచ్చి బిడ్డ కోసం చేతులు చాపింది. ప్రేమలత ఇవ్వలేదు. పీట మీద కూర్చుని బిడ్డను ఒళ్ళో పెట్టుకుంది. పెండ్లికొడుకు అవ్వ ముందుకు వంగి చూసింది.

"కప్పల పాపం తగిలిన బిడ్డ గదమ్మా ఇది? పీటల కాడికి ఎందుకు తెచ్చినావు?"

"కప్పల పాపం కాదవ్వా," అంది ప్రేమలత. గొంతు పెంచలేదు. "మా నాయన కండ్లు దీనికొచ్చినాయి. మా వంశంలో పుట్టుకతోనే వస్తాయి. నా బిడ్డలకూ రావచ్చు. చెప్పకుండా కూచుంటే బాగుండదని చెప్తాండా."

అయ్యవారి మంత్రం ఆగింది. తిమ్మప్ప మామ కుర్చీలోంచి సగం లేచి అలాగే నిలబడిపోయాడు. హనుమమ్మ ముఖాన నెత్తురు లేదు. నాగరాజు బిడ్డకేసి, బిడ్డ బుల్లి కళ్ళద్దాలకేసి చూశాడు.

"ఆపరేషన్ చేస్తే కనపడతాదా?" అని అడిగాడు.

"బిరీన చేస్తే కనపడతాది."

"సరే గదా," అన్నాడు. అని, అయ్యవారికేసి తిరిగి "కానీండి స్వామీ," అన్నాడు.

అంతే. అతని తల్లి ఏదో అనబోయి కొడుకు ముఖం చూసి ఊరుకుంది. అవ్వ తన కొంగులోంచి అరటిపండు తీసి బిడ్డ చేతికి తాకించింది. మేళం మళ్ళీ అందుకుంది. తాళి కట్టారు. హనుమమ్మ ఏడుస్తూ అక్షింతలు వేసింది. మా అమ్మ నా పక్కకొచ్చి, నా చెయ్యి తీసుకుని, "అంతా మంచే జరిగింది గదా, ఇంక కోపం ఇడిచిపెట్టు," అంది.

చెయ్యి విడిపించుకున్నాను. ప్రేమలత ఒళ్ళో హన్విక తల పూర్తిగా పక్కకు తిప్పి, కుడికంటితో పూలదండల్ని వెతుక్కుంటోంది. ఎడమవైపు నుంచి మల్లిక చెయ్యి ఊపుతున్నా దానికి తెలియడం లేదు. పెండ్లికొడుకు నోటి నుంచి ఆ రెండు ముక్కలు రావడానికి చిటికెడు సేపు పట్టింది. ఆ చిటికెడు సేపుకు భయపడి మేమంతా కలిసి దాని కన్ను తీసేశాం.